నాచు డీజిలు లెక్క: ఒక ఉప్పుడు బియ్యం మిల్లు కేసు

ఈ కేసు మిర్యాలగూడ చుట్టుపక్కల ఉన్న ఒక మిల్లుది. అంతకు మించి ఆనవాలు చెప్పను. అక్కడ ఎన్ని మిల్లులున్నాయో తెలిసినవాళ్లకు ఈ ఒక్క ముక్కతో ఏమీ దొరకదు. తొట్ల సైజు, మిల్లు సామర్థ్యం కొద్దిగా మార్చాను, నిష్పత్తులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను. నా పని ఫ్యాక్టరీల మురుగునీటి శుద్ధి, దానికయ్యే కరెంటు, ఇంధనం లెక్క కట్టడం. ఇందులో నేను చేసిన పొరపాట్లు రెండున్నాయి. అవి లేకపోతే ఈ కేసు రాయాల్సినంత పెద్దది కాదు.

నేపథ్యం

సాగర్ ఎడమ కాలువ కింద రెండు పంటలూ వరే. యాసంగి వడ్లు ఎండలకు పచ్చి బియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువవుతుంది. అందుకని వేడి నీళ్లలో నానబెట్టి, ఆవిరి పట్టించి, ఆరబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తారు. నానబెట్టిన నీళ్లు టన్ను వడ్లకు వెయ్యి నుంచి పన్నెండు వందల లీటర్లు బయటికి వస్తాయి. డికాక్షన్ రంగు, పులిసిన గంజి వాసన. పిండి పదార్థం దండిగా ఉంటుంది, గంటల్లో పులిసిపోయి పీహెచ్ నాలుగైదుకు పడిపోతుంది. ఈ మిల్లులో ఆ నీళ్లు పంట కాలువ గుండా పోయి పక్క ఊరి కుంటలో కలిసేవి. రైతులు ఫిర్యాదు చేశారు, కాలుష్య నియంత్రణ మండలి నుంచి నోటీసు వచ్చింది.

నోటీసు వచ్చిన నెలలోనే ఎవరో ఒక రంగుల బ్రోచర్ తెచ్చి యజమాని చేతిలో పెట్టారు. మిల్లు మురుగులో సూక్ష్మ నాచు పెంచండి, బాయిలర్ పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను దానికి మేతగా పెట్టండి, నాచు నుంచి నూనె పిండి బయోడీజిలు చేసి మీ లారీలకే పోసుకోండి అని అందులో ఉంది. హెక్టారుకు ఏడాదికి 1,36,900 లీటర్ల నూనె అని పెద్ద అక్షరాల్లో వేశారు.

నన్ను పిలిచినప్పుడు ఆయన అడిగింది ఒకటే. "సార్, మురుగు పోతది, డీజిలు వస్తది అంటున్నరు. నిజమేనా?"

అసలు సమస్య ఏది?

ఆ అంకె నాకు తెలుసు. 2007లో వచ్చిన, ఈ రంగంలో అందరూ ఎత్తిచూపే ఒక సమీక్షా వ్యాసంలోది. నాచు ఎండు బరువులో 70 శాతం నూనె ఉంటుందనుకుంటే వచ్చే లెక్క అది. అదే పట్టికలో దాని పక్కనే, 30 శాతం నూనెకు 58,700 లీటర్లు అని కూడా ఉంది. అది కూడా మూసి ఉన్న పారదర్శక గొట్టాల్లో పెంచినప్పటి దిగుబడి మీద కట్టిందే. బ్రోచర్ వేసినవాళ్లు పెద్ద అంకెను ఉంచుకుని మిగతావి వదిలేశారు. అబద్ధమని అనలేం, పూర్తి నిజం కూడా కాదు.

అయినా నేను 'వద్దు' అనలేదు. ఎందుకంటే నాచు డీజిలుకు మామూలుగా ఎదురయ్యే అడ్డంకులు మూడు ఈ మిల్లులో పుట్టుకతోనే తీరి ఉన్నట్టు కనిపించాయి. నాచుకు నత్రజని, భాస్వరం కావాలి. యూరియా పోసి పెంచితే ఆ యూరియా తయారీకి మండిన గ్యాసే నూనెలో వచ్చే శక్తిని చాలావరకు మింగేస్తుంది. కిలో నాచుకు దాదాపు 70 గ్రాముల నత్రజని కావాలి, అంటే 150 గ్రాముల యూరియా. ఇక్కడ ఆ పోషకాలు మురుగులో ఉచితంగా ఉన్నాయి. కిలో నాచు పెరగడానికి 1.8 కిలోల కార్బన్ డయాక్సైడ్ కావాలి. ఇక్కడ ఊక బాయిలర్ ఉంది. నాచు ఆరబెట్టడానికి వేడి కావాలి, మిల్లులో వేడి వృథాగా పోతోంది. కాగితం మీద ఇంతకంటే మంచి చోటు దొరకదు. ఇక్కడే కుదరకపోతే ఇంకెక్కడా కుదరదు, ఓ ఏడాది పరీక్షించి చూద్దామన్నాను. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

ఒక విషయం మాత్రం మొదటి రోజే తేల్చుకోవాల్సింది, తేల్చుకోలేదు. ఆయనకున్నది మురుగు సమస్య. డీజిలు సమస్య ఆయనకు లేదు, బ్రోచరే దాన్ని తెచ్చిపెట్టింది. నేను రెంటినీ ఒకే ముడి వేసి ఒప్పుకున్నాను.

ఏం చేశాం

నవంబరులో రెండు రేస్‌వే తొట్లు కట్టాం. పరుగుపందెం మైదానంలా కోలగా, మధ్యలో అడ్డుగోడ, ఒక పక్క నీటిని తోసే తెడ్ల చక్రం. ఒక్కొక్కటి వంద చదరపు మీటర్లు, 20 సెంటీమీటర్ల లోతు, అడుగున నల్లటి ప్లాస్టిక్ షీటు. చక్రానికి అర హెచ్‌పీ మోటారు. విత్తనం బయట కొనలేదు. పక్క కుంటలోని పచ్చ నీళ్లే నాలుగు డ్రమ్ములు తెచ్చి పోశాం. మైక్రోస్కోపులో చూస్తే ఎక్కువగా సెనెడెస్మస్, క్లోరెల్లా అనే నాచు రకాలు. ల్యాబులో సాకిన ఖరీదైన జాతిని తెచ్చి తెరిచిన తొట్టిలో వదిలితే నెల తిరక్కుండా ఊరి నాచు దాన్ని తరిమేస్తుంది. ఆ గెలిచేదేదో మొదటే ఉంటే మంచిదనుకున్నాను.

మురుగు నీళ్లు నేరుగా పోస్తే రంగుకు వెలుతురు దిగడం లేదు, పులుపుకు నాచు తెల్లబారుతోంది. ఒకటికి మూడు వంతుల బోరు నీళ్లు కలిపి పలచన చేశాం. దీని సంగతి తర్వాత వస్తుంది.

డిసెంబరు, జనవరి బ్రహ్మాండంగా గడిచాయి. రోజుకు చదరపు మీటరుకు 12 గ్రాముల ఎండు నాచు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా తొట్టి పక్కన నిలబడి ఫొటోలు దిగారు. యజమాని రెండెకరాల్లో పెద్ద తొట్లకు కొటేషన్లు తెప్పించుకోవడం మొదలుపెట్టారు. ఎండాకాలం దాటేదాకా ఒక్క ఇటుక కూడా వేయొద్దన్నాను. ఆ కేసులో నేను ఇచ్చిన మంచి సలహా బహుశా అదొక్కటే.

నీళ్లు యాడికి పోతున్నయ్

తొట్లు చూసుకునే ఆయన మిల్లులో ముప్పై ఏళ్లుగా నానబెట్టే తొట్ల దగ్గర పనిచేసిన పెద్దమనిషి. మార్చి చివర్లో ఒక పొద్దున ఫోన్ చేశారు. "సారూ, ఈ బాల్ వాల్వు ఎప్పుడు జూసినా తెరిచే ఉంటుంది. నీళ్లు యాడికి పోతున్నయ్?"

నా మొదటి పొరపాటు ఆ వాల్వే. నీటిమట్టం తగ్గితే చక్రం తెడ్లకు నీరందదని, బోరు పైపుకు బాల్ వాల్వు పెట్టించాను. ఎంత తగ్గితే అంత దానంతటదే నిండేది. మట్టం ఎప్పుడూ 20 సెంటీమీటర్లే. పైపుకు మీటరు పెట్టలేదు. అంటే నేను కొలవాల్సిన ముఖ్యమైన అంకెను నా చేతులతోనే దాచేశాను.

ముందు షీటు చిరిగిందనుకుని రెండు రోజులు కారుడు కోసం వెతికాం. దొరకలేదు. మూడోరోజు ఆ పెద్దాయనే ఒక వెడల్పాటి అల్యూమినియం బేసిన్ తెచ్చి, నిండా నీళ్లు పోసి తొట్టి గట్టు మీద పెట్టారు. వేప పుల్ల మీద మేకుతో గీతలు గీసి ఒకటి బేసిన్లో, ఇంకొకటి వాల్వు కట్టేసిన తొట్టిలో నిలబెట్టారు. మర్నాడు అదే వేళకు చూస్తే రెండు పుల్లల మీదా నీళ్లు దాదాపు ఒకే లెక్కన దిగాయి, తొమ్మిది మిల్లీమీటర్లు. షీటుకు చిల్లు లేదు. నీళ్లు ఆవిరై పోతున్నాయి.

వంద చదరపు మీటర్ల మీద తొమ్మిది మిల్లీమీటర్లంటే 900 లీటర్లు. ఆ తొట్టి రోజుకు ఇచ్చే నూనె, ఏడాది సగటున, వంద మిల్లీలీటర్లు. ఎండాకాలంలో లీటరు నూనెకు తొమ్మిది వేల లీటర్ల నీళ్లు గాలిలో కలుస్తున్నాయి. అవి పలచన చేయడానికి కలిపిన నీళ్లు కూడా కావు, కేవలం మట్టం నిలపడానికి పోసినవి. ఏడాదికి 750 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, బోరు నీళ్లతో.

బోరు నీళ్లంటే నల్గొండలో ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ బోరులో ఫ్లోరైడ్ లీటరుకు 2.4 మిల్లీగ్రాములు. తాగేనీటికి గరిష్ఠ పరిమితి 1.5. ఆవిరయ్యేది నీరొక్కటే, ఫ్లోరైడ్ తొట్టిలోనే ఉండిపోతుంది. నాచు తీసిన నీటిని మళ్లీ తొట్టిలోకే పంపుతున్నాం కనుక, పోసిన ప్రతి లీటరుతోనూ అది పోగవుతూ వచ్చింది. ఏప్రిల్ చివర పరీక్ష చేయిస్తే 5 దాటింది. తొట్టి పొంగిన నీళ్లు పోయేది గేదెలు తాగే కుంటలోకే. ఆ రిపోర్టు చూసిన సాయంత్రమే బోరు పైపు తీయించేశాను. డీజిలు సంగతి తర్వాత, ఊళ్లో ఉన్న ఫ్లోరైడ్ చాలదన్నట్టు మేము చిక్కబరిచి మరీ పంపుతున్నామన్నది ముందు తేలింది.

మోటారు లెక్క

చక్రం మోటారు నిజంగా లాగేది 300 వాట్లు. ఇరవై నాలుగు గంటలకు ఏడు యూనిట్లు. తొట్టి రోజు దిగుబడి ఏడాది సగటున చదరపు మీటరుకు ఎనిమిది గ్రాములకు దిగింది. మే నెల ఎండకు నీళ్లు మసిలినట్టయి నాచు కుంగింది. ఏప్రిల్‌లో రోటిఫర్లు, అంటే నాచును మేసే కంటికానని పురుగులు, నాలుగు రోజుల్లో ఒక తొట్టిని పచ్చ నుంచి మట్టిరంగుకు తెచ్చాయి. ఎనిమిది గ్రాముల లెక్కన రోజుకు 800 గ్రాముల నాచు. నూనె 12 శాతం. అంటే 96 గ్రాములు, శక్తిలో ఒక యూనిట్ కరెంటుకు సమానం. ఏడు యూనిట్లు పోసి ఒక యూనిట్ తీస్తున్నాం. మన గ్రిడ్‌లో యూనిట్ కరెంటుకు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఏడు యూనిట్లకు ఐదు కిలోలు. ఆ వంద మిల్లీలీటర్లు ఆదా చేసే డీజిలు మండితే వచ్చేది పావు కిలో పైచిలుకు.

ఇక్కడ నాచు పక్షాన న్యాయంగా మాట్లాడాలి. చిన్న తొట్టిలో మోటారు దండగ ఎక్కువ. ఎకరాల తొట్టిలో కలపడానికి అయ్యే కరెంటు ఘనపు మీటరుకు రెండు వాట్లకు తేవచ్చు. ఆ లెక్కతో మళ్లీ కట్టాను. చదరపు మీటరుకు రోజుకు దాదాపు 36 కిలోజౌళ్ల నూనె, దానికి 35 కిలోజౌళ్ల కరెంటు. ఈ 35 కరెంటు మీటరు దగ్గరి లెక్క. ఆ కరెంటు కోసం మండిన బొగ్గు దగ్గర నుంచి లెక్కిస్తే వంద. అది కూడా ఒక్క చక్రానికే.

నూనె శాతం పెంచే చిట్కా ఒకటుంది, నత్రజని కడుపు మాడ్చడం. నాచు అప్పుడు కొవ్వు కూడబెట్టుకుంటుంది. ఒక తొట్టిలో చేశాం. నూనె 12 నుంచి 22 శాతానికి ఎక్కింది. పెరుగుదల ఎనిమిది గ్రాముల నుంచి మూడుకు పడింది. గుణించి చూస్తే చదరపు మీటరుకు నూనె 0.96 గ్రాముల నుంచి 0.66కు తగ్గింది. అమెరికా ఇంధన శాఖ 1978 నుంచి 1996 దాకా నడిపిన నాచు పరిశోధన కార్యక్రమం కూడా ఇదే చోట తల గోడకు కొట్టుకుంది. అది ముందే చదివి ఉండీ ఎందుకు చేశానంటే, యజమాని కళ్లారా చూడాలని.

బాయిలర్ పొగ కథ చిన్నది. 20 సెంటీమీటర్ల లోతులో వదిలిన బుడగ సెకను తిరక్కుండా పైకి వచ్చేస్తుంది. ఆ సెకనులో కరిగేది ఎంతని? బ్లోయరు తిన్న కరెంటుకు ఫలితం కనపడలేదు. పైగా మురుగులోని బ్యాక్టీరియా ఊపిరే నాచుకు సరిపడా కార్బన్ ఇస్తోంది. నెలలో ఆపేశాం.

పటిక

లీటరు తొట్టి నీటిలో నాచు అర గ్రాము. కిలో నాచు కావాలంటే రెండు వేల లీటర్లలో నుంచి ఏరాలి. సెంట్రిఫ్యూజ్ కరెంటు తలుచుకుంటేనే భయం. పటిక వేద్దామన్నాను. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి ప్రపంచమంతా పెట్టిన పేరే నల్గొండ టెక్నిక్. ఈ జిల్లాలో నీటి పని చేసేవాడి చేయి పటిక వైపు అలవాటుగా పోతుంది, నా చేయీ పోయింది. అది నా రెండో పొరపాటు.

పని మాత్రం చక్కగా చేసింది. గంటలో నాచంతా అడుగుకు దిగి, పైన తేట నీళ్లు. లీటరుకు 150 మిల్లీగ్రాముల మోతాదు. అంటే కిలో నాచుకు 300 గ్రాముల పటిక. ఆ అల్యూమినియం ఎక్కడికీ పోదు, ముద్దలోనే ఉంటుంది. నూనె తీశాక మిగిలే పిండిని కోళ్ల దాణాకు అమ్ముదామన్నది బ్రోచర్ లెక్కలో సగం ఆదాయం. ఒక దాణా వ్యాపారికి శాంపిల్ పంపితే, బూడిద శాతం చూసి ఇంకేమీ అడక్కుండా తిప్పి పంపాడు. పొలానికి వేద్దామంటే అల్యూమినియం, ఫ్లోరైడ్ రెండూ ఉన్న ముద్దను ఏ రైతు మడిలో వేయమంటాను?

ఆ ముద్దను ఆరబెట్టడం మరో ముచ్చట. వడకట్టాక కూడా ఐదింట నాలుగు వంతులు నీళ్లే. టార్పాలిన్ మీద వడియాల పిండిలా పలచగా పరిచాం. పైన పొర కట్టింది, లోపల పచ్చిగా ఉండి రెండోరోజుకు చేపల వాసన. మిల్లు ధూళి, ఊక వచ్చి అతుక్కున్నాయి. కళ్లంలో చోటు వడ్లకే చాలని రోజులవి. వేడి గాలితో ఆరబెడదామంటే, కిలో ఎండు నాచుకు నాలుగు కిలోల నీరు ఆవిరి చేయాలి. తక్కువలో తక్కువ పది మెగాజౌళ్లు. అందులోంచి వచ్చే 120 గ్రాముల నూనెలో ఉన్నది నాలుగున్నర. వృథా వేడి ఉందిగా అని మీరనొచ్చు, నేనూ అన్నాను. వెళ్లి చూస్తే ఆ వేడిని వడ్లు ఆరబెట్టే డ్రయ్యరుకు మళ్లించే పని అప్పటికే మొదలైంది. ఊక కూడా ఉచితం కాదు, బయట అమ్ముడుపోతోంది. వృథా అని మనం పేరు పెట్టినదానికి అవతల ఎవరో ధర కడుతూనే ఉంటారు.

అన్నీ దాటి, నూనెను కరిగించే హెక్సేన్‌తో తీసి, మిథనాల్‌తో చర్య జరిపించి చేసిన బయోడీజిలు ఏడాది మొత్తానికి ఒక సీసా. నిల్వలో నూనె చెడి ఆమ్లం పెరగడంతో మొదటి రెండు సార్లు డీజిలు బదులు సబ్బు వచ్చింది. అకౌంట్స్ చూసే అబ్బాయి ఆ సీసా ఎత్తి చూసి, "కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే విన్నా సార్. ఇది ఎలుక కూడా కాదు" అన్నాడు. ఎకరానికి లెక్క కట్టి యజమానికి చూపించాను. మూడు వందల పని దినాలకు దాదాపు 1,270 లీటర్లు. బ్రోచర్ వదిలేసిన ఆ తక్కువ అంకె, 58,700, ఎకరాల్లోకి మార్చితే 23,700 పైన.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా తవుడులోనే ఇంతకు ఎన్నో రెట్లు నూనె ఉంటది కద సార్" అన్నారు. ఉంటుంది. ఉప్పుడు బియ్యం తవుడులో 20 శాతం పైనే నూనె. ఎండుగా, గంట గంటకూ, సంచుల్లో ఆయన గేటు దాటి, తవుడు నూనె తీసే సాల్వెంట్ ప్లాంటుకు పోతోంది. అది తినే నూనె, డీజిలుకు మళ్లించమని నేను చెప్పను. కానీ దాని శుద్ధిలో మిగిలే ఆమ్ల నూనె, హోటళ్లలో కాగి మిగిలిన నూనె, ఇవి బయోడీజిలుకు అప్పటికే సిద్ధంగా ఉన్న సరుకు. 2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030కి డీజిలులో 5 శాతం కలపాలని పెట్టుకున్న లక్ష్యానికి వాటి దారి దగ్గర.

ఏది నిలబడింది

డీజిలు పక్కన పెట్టాక మిగిలింది అసలు సమస్య, ఆ గోధుమరంగు నీళ్లు. ఈసారి ప్రశ్న మార్చి వేసుకున్నాను. నాచు నుంచి ఏం తీయొచ్చు అని కాదు, ఈ నీటికి నాచు ఏం చేయగలదు అని.

పులుపును ఎదిరించడం నాచు పని కాదు, గాలి సోకని బ్యాక్టీరియా పని. పాత మూత తొట్టి ఒకదాన్ని గోబర్ గ్యాస్ ట్యాంకులా మార్చి, మురుగును ముందు అందులోకి పంపాం. సున్నంతో పులుపు విరిచి, పేడతో మొదలుపెట్టి, కుదురుకోవడానికి రెండున్నర నెలలు పట్టింది. దాటి వచ్చిన నీటిలో రంగు తగ్గింది, నత్రజని అమ్మోనియాగా మారింది. నాచుకు కావలసింది అదే. పలచన చేయడానికి బోరు నీళ్లు అవసరమే లేకుండా పోయాయి. కొత్త నీరు చుక్క కలపకూడదన్నది ఇక్కడి నుంచి నియమం. మట్టం తగ్గితే తగ్గనీ.

నాచు పగలు విడుదల చేసే ప్రాణవాయువుతో తొట్టిలోని బ్యాక్టీరియా మిగిలిన మురికిని తినేస్తుంది. గాలి కొట్టే బ్లోయరు పని నాచు చేసిపెడుతోంది. నాచుతో నిజమైన ఆదా ఇదే. బ్రోచర్‌లో దీని మాటే లేదు. చక్రాన్ని రాత్రి ఆపేశాం, కరెంటు సగమైంది. ఎండాకాలం ఏం చేయాలన్న దగ్గర కొంచెం తటపటాయించాను. యాసంగి వడ్లు వచ్చేదీ, ఆవిరి ఎక్కువగా పోయేదీ ఒకే కాలం. వేడికి బ్యాక్టీరియా చురుగ్గా ఉంటుంది కాబట్టి నీటిని తొట్టిలో పది రోజులకు బదులు ఐదు రోజులే ఉంచి, సగం విస్తీర్ణంతో సరిపెట్టాం. రెండో తొట్టి అవసరమే పడలేదు.

పటిక మానేశాం. చివర గరాటులా అడుగు సన్నబడే చిన్న తొట్టి ఒకటి కట్టి, అందులో తనంతట తాను దిగిన నాచునే కొంత తిరిగి మొదటికి పంపుతూ వచ్చాం. కొన్ని వారాలకు బ్యాక్టీరియాతో ముద్దకట్టి త్వరగా దిగే నాచే తొట్టిలో పైచేయి అయింది. దిగిన పచ్చటి బురదను ఆరబెట్టకుండా తడిగానే గ్యాస్ ట్యాంకులోకి తోస్తున్నాం. 800 గ్రాముల నాచు నుంచి ఆరేడు మెగాజౌళ్ల మీథేన్ రావాలి. అదే నాచు నుంచి, ఆరబెట్టే ఖర్చు వదిలేసినా, నూనెగా వచ్చేది మూడున్నర. అసలు గ్యాసంతా మురుగులోని పిండి నుంచే వస్తుంది, నాచు వాటా కొసరు. ఆ గ్యాసు క్యాంటీన్ పొయ్యికీ, మిగిలింది బాయిలరుకూ పోతోంది.

బయటికి వచ్చే నీటి బీఓడీ, అంటే అందులోని మురికిని తినడానికి బ్యాక్టీరియాకు కావలసిన ప్రాణవాయువు, పొలాలకు వదలడానికి ఉన్న లీటరుకు వంద మిల్లీగ్రాముల పరిమితి లోపల నిలకడగా ఉంటోంది. ఆ నీరు మిల్లు వెనక చేనుకు పారుతోంది, కుంటకు పోవడం లేదు. ఫ్లోరైడ్‌ను మాత్రం మూడు నెలలకోసారి పరీక్ష చేయిస్తున్నాను. వడ్లు నానబెట్టేది కూడా ఆ బోరు నీళ్లతోనే.

మళ్లీ ఎవరైనా నాచు డీజిలు అని వస్తే

2012లో అమెరికా జాతీయ పరిశోధన మండలి నివేదిక, ఆ దేశపు రవాణా ఇంధనంలో 5 శాతాన్ని నాచుతో తీర్చాలన్నా నీరు, శక్తి, పోషకాల మీద పడే భారం అప్పటి పద్ధతులతో మోయలేనిదని తేల్చింది. మన దగ్గర ఆ మూడింటిలో నీరు ముందుకు వస్తుంది. కాబట్టి ఇప్పుడు నేను మొదట అడిగేది నూనె శాతం గురించి కాదు. తొట్టిలో తగ్గిన మట్టాన్ని ఏ నీటితో నింపుతారు? ఏప్రిల్, మే నెలల లెక్క చూపిస్తారా? నాచును ఆరబెట్టకుండా పని నడుస్తుందా? మిగిలిన పిండి కొనేవాడు శాంపిల్ చూశాడా? సముద్రపు నీరు, నగరపు మురుగు, తడి నాచునే ఒత్తిడిలో ఉడికించి నూనెగా మార్చే పద్ధతి, ఇవన్నీ ఒక చోట కుదిరితే లెక్క మారవచ్చు. ఆ చోటు నల్గొండ బోరు పక్కన మాత్రం లేదు.

యజమాని నా ఫీజు ఇవ్వడానికి మొండికేయలేదు, డీజిలు సీసా మాత్రం తనే ఉంచుకున్నారు. రెండో తొట్టి నల్ల షీటును ఆ తర్వాతి యాసంగిలో అకాల వాన కురిసిన రాత్రి పెద్దాయన ఊడబీకించి వడ్ల కుప్ప మీద కప్పించారు. ఇప్పటికీ అక్కడే ఉంది.